గరిట నిలవని చెయ్యి

గరిట మళ్లీ జారింది. స్టీలు గిన్నె అంచుకు ఖణేలుమని తగిలి, గచ్చు మీద పడి గిర్రున ఒక చుట్టు తిరిగి ఆగింది. టేపమ్మ కాగితం మీద మూడో గీత గీసింది.

టేపమ్మ అంటే ఆ ఆస్పత్రి ఔట్‌పేషెంటు విభాగంలో, పక్షవాతం వచ్చినవాళ్లకీ చేతులు వణికేవాళ్లకీ రోజువారీ పనులు మళ్లీ నేర్పే థెరపిస్టు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. అయితే కోటు జేబులో కొలత టేపు వేసుకుని, కనిపించిన గుమ్మాన్నీ కుర్చీనీ మెట్టునూ కొలుస్తూ తిరిగే మనిషిని రోగులు ఇంకేమని పిలుస్తారు? కొలిస్తే తప్ప ఆమెకు నమ్మకం కుదరదు. పెళ్లిచూపులకు వచ్చినవాణ్ణి కూడా కొలిచే చేసుకుందని ఆయాలు చాటున నవ్వుకునేవారు.

"పర్లేదమ్మా, నేను తీస్తాను" అని వంగబోయింది టేపమ్మ.

"వద్దులే అమ్మాయ్, నా గరిట నేనే తీసుకుంటా" అంటూ గరిట జార్చిన మనిషి ఎడంచేత్తో గట్టు పట్టుకుని, కర్ర పక్కకు ఆనించి, మెల్లగా వంగి తీసింది.

ఆవిడ పెద్దకోడలు. యాభై నాలుగేళ్లు. తొమ్మిది మంది ఉన్న ఇంట్లో అత్తగారు మొదలు పాలవాడి దాకా అందరూ అలాగే పిలుస్తారు. ఫోనెత్తితే తనే "పెద్దకోడల్ని మాట్లాడుతున్నా" అంటుంది. నాలుగు నెలల కిందట ఒక ఉదయం పొయ్యి దగ్గరే కుడిపక్క పడిపోయింది. మాట త్వరగానే తేరుకుంది. కాలు కర్ర సాయంతో నడిచే దాకా వచ్చింది. చెయ్యి దగ్గరే పేచీ.

వాళ్లు నిలబడ్డ చోటు నిజం వంటిల్లు కాదు. విభాగంలో ఒక మూల గదిని వంటింటిలా కట్టించారు. గట్టు ఎత్తు, కుళాయి తిప్పే పిడి, పొయ్యి మీట, అన్నీ టేపమ్మ కొలిచి కట్టించినవే. రెండేళ్లు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి సాధించుకుంది. చూడ్డానికి ఎవరొచ్చినా ముందు ఆ గదిలోకే తీసుకెళ్లేది.

ఫైల్లో పెద్దకోడలి లక్ష్యం టేపమ్మ గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "ఆరు వారాల్లో, ఎవరి సాయమూ లేకుండా, కుడిచేత్తో గరిట పట్టుకుని పది నిమిషాల పాటు వంట కలపగలగాలి." పక్కన రెండు గడులు. నెరవేరింది, నెరవేరలేదు. మొదటి ఆరు వారాలూ అయిపోయాయి, నెరవేరలేదు. రెండో ఆరు వారాలు వచ్చే శనివారంతో సరి. ఆ రోజు ఇంటివాళ్లను కూర్చోబెట్టి టిక్కు పెట్టాలి. నెరవేరితే ఇంటికి పంపించేస్తారు. రెండోసారి కూడా నెరవేరకపోతే ఇంక మెరుగయ్యే అవకాశం లేదని రాసి, అప్పుడూ ఇంటికే పంపించేస్తారు. ఆవిడ ఖాళీ చేసే కుర్చీ కోసం బయట అరవై మంది ఎదురుచూస్తున్నారు మరి. పెద్దకోడలు ఇంకా ఎత్తు మెట్టు ఎక్కలేదు, కర్ర లేకుండా రోడ్డు దాటలేదు. కాలికి ఇంకా చాలా పని మిగిలి ఉంది.

"శనివారం నాటికి ఏమవుతుందంటావ్?" అని అడిగింది పెద్దకోడలు, గరిట కడుగుతూ.

"మీ చెయ్యి ఎలా చెప్తే అలా" అంది టేపమ్మ.

"చెయ్యికి నోరుందా ఏం, చెప్పడానికి" అని నవ్వింది ఆవిడ.

ఆ మధ్యాహ్నమే టేపమ్మ ఒక వింత చూసింది. బయట బెంచీల హాల్లో, చేతుల వణుకుతో వచ్చే గడియారాల తాత తన మాత్రల పట్టీతో కుస్తీ పడుతున్నాడు. నలభై ఏళ్లు ఆవగింజంత మరలు బిగించిన వేళ్లు ఇప్పుడు రేకులోంచి మాత్ర తీయలేకపోతున్నాయి. పక్కనే భర్త కోసం ఎదురుచూస్తూ కూర్చున్న పెద్దకోడలు, "ఇటివ్వండి" అని పట్టీ అందుకుంది. కుడిచేతి బొటనవేలు రేకు మీద ఆనించి టిక్కున నొక్కింది. మాత్ర ఎడం అరచేతిలో పడింది. "సగమా, మొత్తమా?" అని అడిగి, సగమంటే గోళ్ల మధ్య పట్టి కచ్చితంగా మధ్యకు విరిచింది. అంతా ఐదు సెకన్లు పట్టి ఉంటుంది.

ఫైలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ టేపమ్మ అడుగు కదపలేదు. రేకులోంచి మాత్ర నొక్కాలంటే వేలికి ఎంత బలం కావాలో ఆమెకు తెలుసు. విరవడానికి ఎంత నేర్పు కావాలో అంతకంటే బాగా తెలుసు. అంత పని చేసిన చేతిలో గరిట ఎందుకు నిలవదు?

భోజనాల వేళ డబ్బా మూత తీసి పక్కన పెట్టి, పుస్తకం తెరిచింది. మెదడు దెబ్బతిన్న కొందరికి ఒక చిక్కు ఉంటుంది. చేతిలో బలం ఉంటుంది, వేళ్లలో కదలిక ఉంటుంది, పనిముట్టు పట్టగానే దాన్ని ఎలా వాడాలో చెయ్యి మరిచిపోతుంది. ఇదేనేమో! టేపమ్మకు ఆకలి మాట గుర్తు రాలేదు. పన్నెండేళ్ల ఉద్యోగంలో అలాంటి చెయ్యిని పుస్తకంలో చూడటమే తప్ప ఎదురుగా చూడలేదు.

విషయం విని విభాగాధిపతి కళ్లజోడు తుడుచుకున్నాడు. అందరూ ఆయన్ను పెద్దసారు అంటారు. "అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తోందేమోనమ్మా" అన్నాడు.

"నరాలకి అత్తగార్లు ఉండరు సార్" అంది టేపమ్మ, కొంచెం చురుగ్గానే.

"సరే, పరీక్ష చేసుకో. శనివారం నాకు టిక్కు కావాలి. అవునో కాదో ఒకటే. మధ్యలో వేలాడే టిక్కులకు నేను సంతకం పెట్టను."

పెద్దకోడలు వచ్చేది మంగళ, గురు, శనివారాల్లో. గురువారం నాడు టేపమ్మ ఆవిణ్ణి వంటగదిలోకి తీసుకెళ్లలేదు. వరండా చివర ఖాళీ పూలకుండీలు నాలుగు వరసగా పెట్టించి, పక్కన మట్టి బస్తా విప్పించి, అదే గరిట చేతికిచ్చింది.

"ఏమిటమ్మాయ్, మట్టి వండమంటావా?"

"కుండీలు నింపండి చాలు. మొక్కలు రేపొస్తాయి."

పెద్దకోడలు స్టూలు మీద కూర్చుని, గరిటను బస్తాలో దించింది. మణికట్టు తిప్పి, మట్టి ఒలకకుండా లేపి, కుండీలో వేసింది. వెనక్కి తిప్పి గరిట వీపుతో అదిమింది. గడ్డలొస్తే అంచుతో చిదిమింది. రాళ్లొస్తే ఏరి పక్కన పెట్టింది. టేపమ్మ గడియారం చూస్తోంది. ఐదు నిమిషాలు. తొమ్మిది. పన్నెండు. నాలుగు కుండీలూ నిండాయి. గరిట ఒక్కసారి కూడా జారలేదు. పుస్తకంలోని చెయ్యి కాదిది. పనిముట్టును ఇంత చక్కగా గుర్తుపెట్టుకున్న చెయ్యిని టేపమ్మ ఈమధ్య చూడలేదు.

"రండి, చెయ్యి కడుక్కుందాం" అని నెమ్మదిగా వంటగదిలోకి నడిపించింది. గరిట కడిగి, నీళ్లున్న గిన్నె ముందు పెట్టి, "ఒక్క నిమిషం కలపండి" అంది.

నలభై సెకన్లకు గరిట నేల మీద ఉంది.

ఇద్దరూ దాన్నే చూశారు. టేపమ్మ ఈసారి గీత గీయలేదు. పెద్దకోడలు తల తిప్పి వరండాలోని కుండీల వైపు చూసింది, మళ్లీ గరిటను చూసింది. చేసిన తెలివితక్కువ పని అప్పుడు అర్థమైంది ఆవిడకు.

"ఎప్పుడు కనిపెట్టావ్?"

"మాత్ర విరిచినప్పుడు అనుమానం. ఇప్పుడు ఖాయం."

పెద్దకోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. "మొదటి ఆరు వారాలూ నిజంగానే జారిందమ్మా. ఒట్టు. తర్వాత ఒక పొద్దున దువ్వెన పట్టుకుంటే నిలిచింది. నాకే భయమేసింది. ఎవరికీ చెప్పలేదు."

"ఇంట్లోవాళ్లు బాధపెడతారా?" అని గొంతు తగ్గించి అడిగింది టేపమ్మ.

"ఛ, ఛ! నెత్తిన పెట్టుకుంటారు. నా వంటకు వంక పెట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు. అదే వచ్చిన చిక్కు. తిట్టేవాళ్లయితే ఏనాడో గరిట విసిరికొట్టేదాన్ని. మెచ్చుకునేవాళ్లను ఏం చేస్తాం?" ఆవిడ కుడి అరచేతిని చీరకు తుడుచుకుంది. "చెయ్యి పడ్డాక మా తోడికోడలు వండుతోంది. అందరితో పాటు కూర్చుని వేడివేడిగా తింటున్నాను. ముప్పై ఏళ్లలో నాకు తెలీదు, వంట వేడిగా ఉంటే రుచి వేరని. ఇప్పుడు చెప్పు, రాస్తావా?"

"అబద్ధం రాయలేనమ్మా."

"నిజం రాస్తే సోమవారం నుంచి నేను వంటింట్లో ఉంటాను. అబద్ధం రాస్తే ఇక్కడికి రానివ్వరు, నా కాలు ఇలాగే ఉండిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏదో ఒకటి నువ్వే చూడు తల్లీ."

టేపమ్మ గట్టుకు ఆనుకుంది. తను కొలిచి కట్టించిన గట్టు. అంత ముద్దుగా కట్టించుకున్న గది మీద ఆమెకు మొదటిసారి కోపం వచ్చింది. "మరి మీకేం చేయాలని ఉంది?" అని అడిగింది.

నోట్లోంచి మాట వచ్చాకే గుర్తొచ్చింది. మూడు నెలల కిందట కూడా ఇదే ప్రశ్న అడిగింది తను. "పేషెంటుకు ఏం చేయాలని ఉంది?" అని, ఆవిడ భర్త ముఖం చూస్తూ.

పెద్దకోడలు గుమ్మం వైపు ఒకసారి చూసుకుంది. "నవ్వకూడదు" అంది.

"నవ్వను."

"మా వంటింటి కిటికీ రోడ్డు మీదికి ఉంటుంది. బస్సుల పక్కభాగం మాత్రం కనిపిస్తుంది. ముందున్న బోర్డు కనిపించదు. దాటి వెళ్లేటప్పుడు వెనక నంబరు కనిపిస్తుంది. పంతొమ్మిది." ఆవిడ గొంతులో ఎప్పుడూ లేని చురుకు వచ్చింది. "పొద్దున్నే పోయే బస్సులో జనం నిండుగా ఉంటారు, అందరి దగ్గరా ఖాళీ సంచులే. పదకొండింటికి తిరిగొచ్చేటప్పుడు సంచులు నిండి ఉంటాయి, మనుషులు నిద్రపోతుంటారు. అంటే సంత అనుకున్నాను. మరి సంతయితే ఆదివారం కూడా అలాగే ఉండాలిగా? ఆదివారం తల తడిసి వస్తారు. నదా? చెరువా? ఎండాకాలంలోనూ చక్రాలకు బురద ఉంటుంది. పొడుగాటి గొట్టాలు పట్టుకుని ఇద్దరు ముగ్గురు నిలబడి ఉంటారు, అవేమిటో తెలీదు. ఒకావిడ రోజూ గొడుగు పట్టుకుని కిటికీ పక్కన కూర్చుని వెళ్తుంది, పదకొండేళ్లుగా. రావడం మాత్రం ఒక్కసారి కూడా చూళ్లేదు. ఎటు పోతోంది ఆవిడ? ఎలా తిరిగొస్తోంది? ఆ బస్సెక్కి చివరి దాకా వెళ్లి చూడాలని ఉంది. ఒక్కదాన్నే."

టేపమ్మకు నవ్వు రాలేదు. గొడుగావిడ ఎటు వెళ్తోందో ఆమెకూ ఉన్నపళాన తెలుసుకోవాలనిపించింది. "ఎవర్నీ అడగలేదా?"

"లేదు" అంది పెద్దకోడలు, ముక్తసరిగా.

"శనివారం మీ ఇంటివాళ్ల ముందు ఇదే చెప్పండి."

"నేనా? అమ్మో! నువ్వు రాసెయ్యి, ఆస్పత్రివాళ్లు రాస్తే వింటారు."

"నేను రాస్తే అది మళ్లీ నా లక్ష్యమే అవుతుంది. మీరు చెప్తేనే రాస్తాను" అంది టేపమ్మ. పెద్దకోడలు చెంగు సర్దుకుంది. కర్ర తీసుకుని లేచి వెళ్లిపోయింది.

శుక్రవారం టేపమ్మ బీరువా తెరిచి తను చూసిన ఫైళ్లన్నీ కింద పరిచింది. అలవాటు ఎక్కడికి పోతుంది, లెక్కపెట్టింది. ఆడవాళ్ల ఫైళ్లు నలభై మూడు. అందులో నలభై ఒకటింటిలో వంట. అదే వాక్యం, అవే గుండ్రటి అక్షరాలు. మిగిలిన ఇద్దరిలో ఒకరు ఎనిమిదో తరగతి పిల్ల, ఇంకొకరు మంచం దిగలేని ముసలావిడ. మగవాళ్ల ఫైళ్లలో ఎన్ని రకాలో! వీధి చివర పేపరు కొట్టు దాకా నడవాలని ఒకరికి. బ్యాంకులో సంతకం పెట్టాలని ఇంకొకరికి. మేడ మీది స్నేహితుడి గదికి ఎక్కాలని ఒకరికి, చేప పట్టే గాలం విసరాలని మరొకరికి. వాళ్లందర్నీ కళ్లలోకి చూసి అడిగింది. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి వెంట వచ్చినవాళ్లను చూసి అడిగింది, కొందర్నయితే అసలు అడగనే లేదు. వంటగది సిద్ధంగా ఉంది కదా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే సామెత ఇన్నాళ్లూ ఎదుటివాళ్ల గురించే అనుకుంది. టేపమ్మకు సిగ్గేసింది. ఫైళ్లన్నీ మళ్లీ బీరువాలో సర్దింది.

తర్వాత టేపు తీసుకుని రోడ్డు మీదికి వెళ్లింది. ఆస్పత్రి ముందు ఆగేది ఏడో నంబరు బస్సు. అయితేనేం, మెట్లు అన్ని బస్సులకీ ఒకటే. అది ఆగగానే వంగి మొదటి మెట్టు ఎత్తు కొలిచింది. పదిహేను అంగుళాలు. విభాగంలో సాధన చేయించే మెట్టు ఆరు అంగుళాలే. పైకెక్కి, చెయ్యి పట్టుకునే కడ్డీ ఎంత దూరంలో ఉందో కొలుస్తుంటే కండక్టరు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏంటి మేడం, కొంటారా?"

"ఎక్కడానికి వీలుందో లేదో చూస్తున్నా."

"ఎక్కేశారు కదండీ!"

"నేను కాదు" అంది టేపమ్మ, దిగుతూ. తలుపు ఎంతసేపు తెరిచి ఉంచుతారో కూడా చూసింది. పదకొండు సెకన్లు. చాలా తక్కువ. అయినా అసాధ్యం కాదు, ఆరేడు వారాలు గట్టిగా కష్టపడితే. అసలు ఆవిడ నోరు విప్పితే కదా.

శనివారం పదింటికి పెద్దసారు గదిలో అందరూ కూర్చున్నారు. ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు నడిపే భర్త, మంచి మనిషే, భార్య కర్రను జాగ్రత్తగా గోడకు ఆనించాడు. డెబ్భై ఎనిమిదేళ్ల అత్తగారు కోడలి భుజం మీద శాలువా సర్దింది. వంట పనుందని చిన్నకోడలు రాలేదు.

"ఊఁ. గరిట సంగతేమిటి?" అన్నాడు పెద్దసారు, పెన్ను మూత తీసి.

"ఆ లక్ష్యం తప్పు సార్" అంది టేపమ్మ. "తప్పు నాది. ఆవిణ్ణి అడక్కుండా రాశాను. దానికి టిక్కు పెట్టొద్దు, మొత్తం కొట్టేసి కొత్తది రాస్తాను." పెద్దసారు కనుబొమలు పైకి లేచాయి. టేపమ్మ తన కుర్చీని పూర్తిగా పెద్దకోడలి వైపు తిప్పుకుంది. "మీకేం చేయాలని ఉందమ్మా?"

"దానికేముంటుంది తల్లీ, ఎప్పట్లా ఇంటిల్లిపాదికీ వండిపెట్టాలనే ఉంటుంది" అంది అత్తగారు.

"అంతేనండీ. ఇంట్లో కూర్చోలేకపోతోంది పాపం" అన్నాడు భర్త.

టేపమ్మ వాళ్ల వైపు చూడలేదు. ఆగింది. పెద్దకోడలు శాలువా కొసను వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. ఇంక ఈవిడ చెప్పదని టేపమ్మ ఆశ వదులుకుంటూ ఉండగా గొంతు వినిపించింది.

"పంతొమ్మిదో నంబరు బస్సెక్కాలి. చివరి స్టాపు దాకా. ఒక్కదాన్నే."

ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా తేరుకున్నది భర్త. పెద్దగా నవ్వాడు, ప్రేమగానే. "పంతొమ్మిదా! ఓసి పిచ్చిదానా, దానికింత తతంగమా? మన కొట్టు కుర్రాళ్లు రోజూ వచ్చేది దాన్లోనేగా. అది వెళ్లేది..."

మాట పూర్తి కాలేదు. ఒక అరచెయ్యి టపామని వచ్చి అతని నోటిని మూసింది. ఐదు వేళ్లూ, కుడిచెయ్యి.

"చెప్పకండి!"

అత్తగారు ఆ చేతినే చూస్తోంది. భుజం దాకా లేచి, కొడుకు మూతిని గట్టిగా అదిమిపట్టిన ఆ చేతిలో వణుకన్నది లేదు.

"చెయ్యి లేచిందే" అంది ఆవిడ నెమ్మదిగా. "మరి గరిట పట్టుకోలేకపోవడమేమిటి?"

పెద్దకోడలు చెయ్యి దించింది. దాచుకోలేదు, బల్ల మీద పెట్టింది. నిండా మునిగాక చలేమిటి. "బాగుంది అత్తయ్యా. నెలన్నర నుంచీ బాగుంది. కావాలనే జార్చాను."

"నెలన్నరా! అక్కడ చిన్నది ఒక్కత్తీ చెమటలు కక్కుతోంది..."

"నేను ముప్పై ఏళ్లు కక్కాను అత్తయ్యా. నా వంతు నేను వండుతాను, రోజు మార్చి రోజు. రోజూ మాత్రం నా వల్ల కాదు."

"మరి మిగతా రోజులు?" అన్నాడు భర్త, మీసాలు సవరించుకుంటూ.

"సోమవారం పదింటికి మా వంటగది ఖాళీ అయింది" అంది టేపమ్మ. "నేర్చుకోవాలనుకుంటే రండి. గట్టు మీ ఎత్తుకు సరిపోతుంది."

పెద్దసారు దగ్గొచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. భర్త మాత్రం ఆ మాట విన్నట్టు లేడు. భార్యనే వింతగా చూస్తున్నాడు, అంతకుముందు ఎన్నడూ ఎదురుపడని మనిషిని చూస్తున్నట్టు.

"ముప్పై ఏళ్ల నుంచి చూస్తున్నావా ఆ బస్సుని? నన్ను ఒక్కమాట అడిగితే చెప్పేసేవాణ్ణి కదే."

"అందుకే అడగలేదు" అంది పెద్దకోడలు. "బయట ఏముందో అన్నీ మీరే చూసొచ్చి చెప్పారు నాకు. ఇది ఒక్కటి నేను చూసొచ్చి చెప్తాను."

టేపమ్మ అత్తగారి వైపు చూసింది. ఇప్పుడు ఆవిడ అగ్గి మీద గుగ్గిలమవుతుంది, కోడల్ని లేవదీసుకుని వెళ్లిపోతుంది, అరవై మందిలో ఒకరు వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటారు. ముసలావిడ చూపు మాత్రం బల్ల మీద ఉన్న కోడలి చేతి మీదే ఉంది.

"ఇప్పుడు దానికి పంతొమ్మిది అని పెట్టారా?" అంది చివరికి. "నేను వండే రోజుల్లో నంబరు లేదు. పచ్చ రంగు బస్సు. పైన సైకిళ్లు కట్టుకుని పోయేవాళ్లు."

పెద్దకోడలు తలెత్తింది. అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్లు అంతసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎన్నాళ్లయిందో వాళ్లకే తెలియాలి.

"చూసొచ్చాక ముందు నాకు చెప్పాలి" అంది అత్తగారు. "వాడికి కాదు."

"మీకే చెప్తాను అత్తయ్యా."

టేపమ్మ పాత వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, కొత్త కాగితం తీసి పెద్దకోడలి ముందుకు జరిపింది. పెద్దసారు సరేనన్నట్టు తలూపాక పెన్ను కూడా ఇచ్చింది. పెద్దకోడలు కుడిచేత్తో, వంకర టింకర అక్షరాలతో, ఒక్కో మాట పైకి చదువుకుంటూ రాయడం మొదలుపెట్టింది.